బస్సులో రాజమండ్రి: ఎక్కడ దిగాలి, ఏం చూడాలి?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలతో రాత్రి బస్సులో రాజమండ్రి వెళ్లాలనుకుంటున్నాం. కడియం నర్సరీలు, ధవళేశ్వరం ఒక్కరోజులో చూడగలమా?

జవాబు: చూడొచ్చండీ. టికెట్ తీసే ముందే ఎక్కడ దింపుతారో అడగండి. కొన్ని ప్రైవేటు బస్సులు హైవే మీద మోరంపూడి, లాలాచెరువు కూడళ్లలోనే దించేస్తాయి. తెల్లవారుజామున పెద్దవాళ్లతో రోడ్డు మీద నిలబడటం కష్టం. ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వెళ్లే బస్సే మేలు.

ముందు ధవళేశ్వరం వెళ్లండి. 1847లో మొదలై 1852లో పూర్తయిన బ్రిటిష్ ఇంజినీరు ఆర్థర్ కాటన్ ఆనకట్టే గోదావరి డెల్టాను అన్నపూర్ణగా మార్చింది. ఇప్పుడు కనిపించే బ్యారేజీ ఆ తర్వాత కట్టినదే. కాటన్ మ్యూజియం తప్పకుండా చూడండి. ఆనకట్ట కాలవల కథ తెలిశాక, దారిలో చూసిన వరిచేలు, అరటితోటలు మీకు కొత్తగా కనిపిస్తాయి.

ఎండ తగ్గాక కడియం నర్సరీలకు, అంటే కడియపులంక వెళ్లండి. నర్సరీలు హైవేకి రెండు పక్కలా ఉంటాయి. పూలు కావాలంటే డిసెంబరు, జనవరి నెలలు బాగుంటాయి. అంటుమొక్కలు మాత్రం బస్సెక్కే రోజే కొనండి. వేళ్ల చుట్టూ మట్టిముద్ద చెదరకుండా గోనెగుడ్డతో కట్టించుకోండి. ఏసీ బస్సు డిక్కీలో పడుకోబెట్టి తెస్తే కొమ్మలు విరుగుతాయి, చిన్న మొక్కలే తీసుకోండి.