ఆవకాయ కాలానికి ముందే

బ్రాడీపేట, గుంటూరు

బుజ్జీ,

నువ్వూ నీ స్నేహితురాలూ కలిసి పచ్చళ్ళ వ్యాపారం పెడుతున్నారనీ, వాటా చెరిసగమనీ, డీడ్ నన్నొకసారి చూడమన్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చూస్తాను. ఉద్యోగమంతా ఊళ్ళోవాళ్ళ చిట్టా ఆవర్జాలు రాసినవాణ్ణి, నాకదెంత పని? కానీ ఆ ‘చెరిసగం’తో మీ మధ్య తేలేది చాలా తక్కువ. మీరేమీ రాసుకోకపోయినా 1932 నాటి భాగస్వామ్య చట్టం లాభనష్టాలు సమానమనే అంటుంది. రాసుకోకపోతే పని చేసినందుకు ఏ భాగస్వామికీ జీతం లేదని కూడా అదే చట్టం అంటుంది. పొద్దుటినుంచీ పొయ్యి దగ్గర నిలబడేది నువ్వు, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ఆర్డర్లు చూసేది ఆ అమ్మాయి. మొదటి ఏడు స్నేహంతో గడిచిపోతుంది. రెండో ఏడు మీ అమ్మే అడుగుతుంది, నీకేం మిగిలిందని.

మీ ఇద్దరి ఆలోచనా ఒకటేనా కాదా అన్నది నాకు ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది. ఈ వేసవికి ఎన్ని కిలోల ఆవకాయ పెడుతున్నారు?

నవ్వకు. మీ వ్యాపారమంతా ఆ అంకె మీదే నడుస్తుంది. మన మిర్చి యార్డుకు కొత్త కాయ ఫిబ్రవరి, మార్చిల్లో పోటెత్తుతుంది. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు కూడా వస్తాయి కాబట్టి కారం సంగతి అంతకుముందే తేల్చుకోవాలి. ఆ తర్వాత ఆవాలు, నువ్వుల నూనె, ఉప్పు, జాడీలు. మామిడికాయ వచ్చాక కత్తిపీటల కూలీ. కడిగి, తుడిచి, తడి ఆరబెట్టి, టెంకతో సహా ముక్కలు కొట్టించి కలిపారనుకో. మూడోనాడు తిరగకలిపి ఉప్పు చూసేసరికి మీ ఇద్దరి డబ్బూ జాడీల్లో ఉంటుంది. అది తిరిగి చేతికి రావడానికి ఏడాది పడుతుంది. గోంగూరలాగా ఈ వారం చేసి వచ్చే వారం అమ్మే సరుకు కాదిది. ఎక్కువ పెడితే డబ్బు ఇరుక్కుంటుంది. తక్కువ పెడితే దసరాకల్లా జాడీలు ఖాళీ అవుతాయి, అడిగినవాళ్ళు ఇంకో కొట్టుకు పోతారు.

నీ మనసులో రెండు వేల కిలోలు, అమెరికా పార్సిళ్ళు ఉన్నాయేమో. ఆ అమ్మాయి మనసులో అయిదువందల కిలోలు, వచ్చిన లాభంతో ఇంటి లోను వాయిదాలు ఉన్నాయేమో. రెండూ మంచి ఆలోచనలే, ఒక్క గల్లాపెట్టెలో రెండూ ఇమడవు. మామూలు విషయాల్లో మాట తేడా వస్తే ఎక్కువమంది ఏమంటే అదే అని చట్టం చెబుతుంది. ఇద్దరిలో ఎక్కువమంది ఎక్కడినుంచి వస్తారే?

నేను లెక్కలు రాసిన ఒక నూనె మిల్లులో ఇద్దరూ ఒకరికొకరు ప్రాణం. బాగా లాభం వచ్చిన ఏడాదే చెడింది. ఒకాయన ఆ డబ్బుతో ఇంకో యంత్రం బిగిద్దామన్నాడు, రెండో ఆయనకు కూతురి పెళ్ళి ముందుంది. నష్టమొస్తే ఏం చెయ్యాలో డీడ్‌లో ఒక పేజీ నిండా ఉంది. లాభమొస్తే ఎంత తీసుకోవాలి, ఎంత లోపల ఉంచాలి అన్నదానికి ఒక్క వాక్యం లేదు. నా చేతులతో రాసిన ఖాతాలే ఇద్దరు వకీళ్ళ బల్లల మీదికి పోయాయి.

ఇంకొక సంగతి. వేసవిలో డబ్బు చాలక మీలో ఒకరు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెడతారు, ఇది జరిగి తీరుతుంది. ముందుగా రాసుకోకపోతే, వాటా సొమ్ముకు మించి పెట్టినదానికి చట్టం ఇప్పించేది ఏడాదికి ఆరు శాతమే. అలాగే గడువు రాయని ఫర్మ్‌ను ఎవరైనా ఒక నోటీసు ఇచ్చి రద్దు చెయ్యొచ్చు. జూన్‌లో, సరుకంతా జాడీల్లో ఉండగా ఆ కాయితం వచ్చిందనుకో! అందుకే జనవరి నుంచి జనవరికి లెక్క కట్టండి. పాత సరుకు అమ్ముడుపోయి, కొత్త మిరపకాయ ఇంకా కొనకముందు కూర్చుని మాట్లాడుకుంటే ఉండటమైనా, విడిపోవటమైనా తేలిక. ఫర్మ్‌ను రిజిస్టరు కూడా చేయించండి. లేకపోతే సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టినవాడి మీద ఫర్మ్ పేరుతో దావా వెయ్యలేరు.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటావు, తెలుసు. అయినా ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. ఇద్దరూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా, చెరొక కాయితం మీద రాయండి. ఈ ఏడు ఎన్ని కిలోలు, ఇంట్లోకి నెలకు ఎంత కావాలి, ఎంతదాకా పోయినా ఓర్చుకోగలరు, మూడేళ్ళకు ఈ కొట్టు ఎలా ఉండాలి. పెళ్ళి సంగతీ, అమెరికా సంగతీ ఉంటే అవీ దాచకుండా రాయండి. తర్వాత మార్చుకుని చదువుకోండి. అంకెలు తేడాగా ఉంటే కంగారుపడకండి, ఉండకపోతేనే నాకు అనుమానం. వాటి మీద పోట్లాడుకుని ఒక అంకెకు వచ్చాక, దిద్దిన ఆ రెండు కాయితాలూ నాకు పంపు. డీడ్ వాటి తర్వాతే చదువుతాను.

నీ మామయ్య