ఇరువదినాలుగు మాటల కాగితము

మన పెద్దలు సొమ్మును ఇనుపపెట్టెలో దాచి, తాళపుచెవిని మొలనుంచుకొనెడివారు. పిమ్మట బ్యాంకులు వచ్చినవి. బ్యాంకు పాసుపుస్తకము పోయినచో మరియొకటి ఇత్తురు. ఖాతాదారు గతించినచో నామినీకి సొమ్ము చెల్లింతురు. 2009వ సంవత్సరము జనవరిలో ఆరంభమైన బిట్‌కాయిన్‌కును, దానిని అనుసరించి పుట్టిన ఇతర క్రిప్టో ధనములకును ఇట్టి కార్యాలయము లేదు. వాని భద్రత యంతయు ఒక రహస్యముపై నిలచియున్నది. ఆ రహస్యమును కాపాడుకొను విధమును తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ ధనమును కొనుడని గాని, కొనవలదని గాని ఇచట చెప్పబోము. దాని వెల ఒక యేడు ఆకాశమున కెగసి, మరుసటి యేడు పాతాళమునకు దిగుట అందరును చూచినదే. అది మన దేశమున చెల్లుబాటు నాణెము గాదు. 2022వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీ నుండి దానిపై వచ్చు లాభమునకు 30 శాతము పన్ను విధింపబడినది. అయినను, చదువు ముగించి బెంగుళూరు, చెన్నై, ముంబాయి నగరములలో ఉద్యోగములు చేయుచున్న మన బిడ్డలలో కొందరు ఇందు కొంత సొమ్ము పెట్టుచున్నారు. వారి బీరువాలో ఒక చిన్న యంత్రమును, ఒక కాగితమును కనబడినపుడు అవి యేమియో ఇంటివారికి తెలియవలెను. తెలియనిచో పాత సామానులతో కలిపి పారవేయుదురు.

సొమ్ము ఎచట నుండును?

ఈ చిన్న యంత్రమునకు హార్డ్‌వేర్ వాలెట్ అని పేరు. దీనిలో సొమ్ము ఉండునని చాలమంది భావింతురు. ఉండదు. ఏ పద్దులో ఎంత యున్నదో తెలుపు చిట్టా ప్రపంచమందలి వేలకొలది కంప్యూటరులలో ఒకే రీతిగా వ్రాయబడియుండును. ఆ చిట్టాలో మన పద్దునుండి సొమ్ము కదలవలెనన్నచో ఒక రహస్యపు సంఖ్యతో సంతకము చేయవలెను. ఆ సంఖ్యయే తాళపుచెవి. యంత్రము ఆ తాళపుచెవిని తనలోనే దాచుకొని, సంతకమును మాత్రము బయటికి పంపును. కావున మన కంప్యూటరునకు వైరసు పట్టినను తాళపుచెవి దొంగలకు చిక్కదు.

కొనిన సొమ్మును ఎక్స్‌ఛేంజిలోనే వదలినచో తాళపుచెవి వారి యొద్దనే యుండును. 2014వ సంవత్సరము ఫిబ్రవరిలో టోక్యో నగరమందలి మౌంట్ గాక్స్ మూతపడినపుడు లక్షలకొలది బిట్‌కాయినులు కనబడకుండ పోయినవి. 2024వ సంవత్సరము జులైలో మన దేశపు వజీర్‌ఎక్స్ నుండి 23 కోట్ల డాలర్ల విలువగల సొత్తు దొంగిలింపబడినది. తమ తాళపుచెవిని తామే ఉంచుకొనదలచిన వారికై 2014లో చెక్ దేశపు ప్రేగ్ నగరమునుండి ట్రెజర్ అను యంత్రము వెలువడినది. ఫ్రాన్సు దేశపు లెడ్జర్ సంస్థయు అట్టి యంత్రములనే చేయుచున్నది.

అమర్చు విధము

మొదటిది కొనుగోలు. యంత్రమును తయారుచేసిన సంస్థ యొద్దగాని, ఆ సంస్థ అంగీకరించిన వర్తకుని యొద్దగాని కొనవలెను. ఒకరు వాడినదానిని చౌకగా వచ్చుచున్నదని కొనరాదు. క్రొత్త యంత్రములో పిన్ను గాని, రహస్యపు మాటలు గాని ముందే యుండవు. పెట్టెలో మాటలు అచ్చువేసిన కాగితము కనబడినచో అది నిశ్చయముగా మోసమే. 2020లో లెడ్జర్ సంస్థ కొనుగోలుదారుల చిరునామాలు బయటపడినవి. మరుసటి యేడు కొందరికి తపాలాలో దొంగ యంత్రములు వచ్చినవి. పాతదానికి బదులుగా దీనిని వాడుడని నమ్మించు లేఖయు వానితో నుండినది.

రెండవది పిన్ను. యంత్రమును కంప్యూటరునకు తగిలించి, తయారీ సంస్థ వారి కార్యక్రమమును తెరచినచో యంత్రము అసలుదో కాదో అది పరీక్షించును. పిమ్మట పిన్ను ఏర్పరచుకొనవలెను. పుట్టిన తేదీని పిన్నుగా పెట్టరాదు. లెడ్జర్ యంత్రములో మూడు మారులు తప్పు పిన్ను నొక్కినచో అది తనలోని రహస్యమును తానే తుడిచివేయును. మాటల కాగితము భద్రముగా నున్నచో దీనికి భయపడనక్కరలేదు.

మూడవది ఆ మాటలు. యంత్రము తన అద్దముపై ఒకదాని తరువాత ఒకటిగా మాటలను చూపును. కొన్నిటిలో ఇవి 12, అనేక యంత్రములలో 24. పోయిన తాళపుచెవిని తిరిగి పుట్టించునవి ఇవియే. యంత్రము విరిగినను, నీట పడినను, మరియొక క్రొత్త యంత్రములో ఈ మాటలను వరుస తప్పక ఎక్కించినచో సొమ్ము మరల చేతికి వచ్చును. మాటలు పరుల చేత పడినచో వారికి యంత్రముతోను, పిన్నుతోను పనిలేదు. యంత్రము కొనుటకు కొన్ని వేల రూపాయలు చాలును. దానిద్వారా కాపాడబడు ఆస్తి యంతయు ఈ కాగితమే.

వ్రాయుటలో జాగ్రత్త

ఈ మాటలు 2048 ఇంగ్లీషు మాటలుగల ఒక జాబితానుండి వచ్చును. ఏ రెండు మాటలకును మొదటి నాలుగు అక్షరములు ఒకటి కాకుండునట్లు ఆ జాబితా కూర్చబడినది. జపాను, కొరియా, స్పానిషు మొదలగు భాషలలోను అట్టి జాబితాలు గలవు గాని, తెలుగున లేదు. కావున ఈ మాటలను ఇంగ్లీషు లిపిలోనే, అక్షరము తప్పక, వరుస సంఖ్య వేసి వ్రాయవలెను. తెలుగు లిపిలో వ్రాసికొనిన కలుగు చిక్కు చూడుడు. కుడివైపు అను అర్థముగల 'రైట్', వ్రాయుట అను అర్థముగల 'రైట్' రెండును ఆ జాబితాలో నున్నవి. తెలుగున వ్రాసినచో రెండును ఒకటే, యంత్రమునకు వేరువేరు.

కాగితముపై కలముతో వ్రాయవలెనే గాని ఫోటో తీయరాదు. వాట్సాప్‌లో పంపరాదు, కంప్యూటరులో దాచరాదు. సహాయకేంద్రము వారమని పలికినను, పన్ను అధికారులమని పలికినను ఎవరికిని ఈ మాటలు చెప్పరాదు. నిజమైన సంస్థ వానిని ఎన్నడును అడుగదు.

నాలుగవది పరీక్ష. మొదట స్వల్పమైన మొత్తమునే పంపవలెను. పంపునపుడు కంప్యూటరు తెరపై కనబడు చిరునామాను యంత్రపు అద్దముపై కనబడు దానితో సరిచూడవలెను. పిమ్మట యంత్రమును తుడిచివేసి, కాగితము చూచి మాటలను తిరిగి ఎక్కించి, ఆ స్వల్పపు సొమ్ము కనబడునో లేదో చూడవలెను. కనబడిన తరువాతనే మిగిలినది పంపవలెను. ఈ పరీక్ష మానినవారు చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనవలసివచ్చును.

భద్రపరచుట, వారసత్వము

ఒకే ప్రతి యుండరాదు. 2015వ సంవత్సరము డిసెంబరులో చెన్నైలో ఎన్నియో ఇండ్లలోనికి వరద ప్రవేశించినది. అట్టి వేళ బీరువా అడుగున నున్న కాగితము నిలువదు. రెండు ప్రతులు వ్రాసి రెండు వేరువేరు తావులలో నుంచవలెను. ఉక్కు పలకపై చెక్కించుకొనువారును గలరు; అయినచో ఆ అక్షరములను తామే చెక్కుకొనవలెను. యంత్రమును, కాగితమును ఒకేచోట నుంచరాదు.

కడపటి మాట అన్నిటికంటె ముఖ్యమైనది. ఈ ధనమునకు నామినీ లేడు. దాచినవాడు ఎవరికిని తెలుపక కన్నుమూసినచో సొమ్ము చిట్టాలో ఎప్పటికిని కనబడుచునే యుండును గాని, ఎవరికిని అందదు. కావున ఇట్టి ధనము గలదనియు, యంత్రము ఎచట నున్నదో, కాగితమును ఎట్లు వెదకవలెనో, ఎవరిని నమ్మి సహాయమడుగవలెనో తెలుపుచు ఒక ఉత్తరము వ్రాసి ఇంటిలో నుంచవలెను. రహస్యపు మాటలను మాత్రము ఆ ఉత్తరములో వ్రాయరాదు.

ఆ ఉత్తరమును తల్లి చదువగల భాషలో వ్రాయవలెను. మన యిండ్లలో అనేకమంది తల్లులకు అది తెలుగే. పొరుగు రాష్ట్రమున పెరిగిన బిడ్డలు తెలుగు మాటలాడుదురు గాని, వ్రాయుటకు జంకుదురు. కావున తల్లిదండ్రులారా, మీ బిడ్డ ఇట్టి సొమ్మును దాచుకొనియున్నచో కోపింపక, సిగ్గుపడక, మూడు ప్రశ్నలు వేయుడు: కాగితము వ్రాసితివా? పరీక్షించితివా? మాకు తెలియునట్లు తెలుగున ఉత్తరము వ్రాసితివా? మూడవదానికి బదులు లేనిచో, ప్రక్కన కూర్చుండి వ్రాయించుడు.