అంతుచిక్కని జ్వరం

జ్వరం ఒక జబ్బు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది జబ్బు కాదు. ఒంట్లో ఏదో జబ్బు ఉన్నదని తెలిపే గుర్తు. పొగ కనిపిస్తే ఎక్కడో నిప్పు ఉన్నదని గ్రహిస్తాం కదా! జ్వరం అటువంటి పొగే. చాలాసార్లు ఆ నిప్పు ఎక్కడున్నదో త్వరగానే తెలిసిపోతుంది. గొంతు వాచి ఉంటుంది, లేదా చెవిలో చీము పట్టి ఉంటుంది. కాని ఒక్కొక్కసారి వారాలు గడిచినా నిప్పు జాడ దొరకదు. అప్పుడు వైద్యులు ఏం చేస్తారు?

జ్వరం ఎలా వస్తుంది?

మన మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. శరీరం ఎంత వేడిగా ఉండాలో నిర్ణయించేది అదే. సూక్ష్మజీవులు ఒంట్లో చేరినప్పుడు తెల్ల రక్తకణాలు కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావం వల్ల హైపోథాలమస్ ఆ హద్దును పైకి జరుపుతుంది. వెంటనే చలి, వణుకు మొదలవుతాయి. వణికే కండరాలు వేడిని పుట్టిస్తాయి.

పారాసిటమాల్ మాత్ర ఈ హద్దును తిరిగి కిందికి దింపుతుంది. సూక్ష్మజీవులను మాత్రం చంపదు. కనుక ఒళ్లు చల్లబడినంత మాత్రాన జబ్బు పోయినట్లు కాదు.

నూరుమంది రోగులు

1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే అమెరికా వైద్యులు ఇటువంటి జ్వరానికి ఒక నిర్వచనం ఇచ్చారు. జ్వరం పలుమార్లు 101 డిగ్రీల ఫారన్‌హీటు దాటాలి. మూడు వారాలకు మించి ఉండాలి. ఆసుపత్రిలో వారం రోజులు పరీక్షించినా కారణం తెలియకుండా ఉండాలి.

అటువంటి 100 మంది రోగులను వారు పరిశీలించారు. 36 మందిలో సూక్ష్మజీవులే కారణం. 19 మందిలో క్యాన్సరు వంటి వ్యాధులు కనిపించాయి. మరికొందరిలో శరీర రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే తిరగబడింది. ఎంత వెతికినా కారణం దొరకనివారు కూడా కొందరున్నారు. ఇటువంటి జ్వరాల వెనుక తరచుగా ఉండేది కనీవినీ ఎరుగని వ్యాధి కాదు. తెలిసిన వ్యాధే కొత్త వేషంలో వస్తుంది.

ప్రశ్నలే మొదటి పరీక్ష

ఎనిమిదో తరగతి చదివే రాముకు నెల రోజులుగా జ్వరం వస్తున్నదనుకుందాం. సాయంత్రం ఒళ్లు కాలుతుంది. రాత్రి చెమటలు పోస్తాయి. కీళ్లనొప్పులు కూడా ఉన్నాయి. మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్రలు వేసుకుంటే రెండు రోజులు తగ్గి మళ్లీ వస్తున్నది. మలేరియా, టైఫాయిడ్, క్షయ పరీక్షల్లో ఏమీ తేలలేదు.

వైద్యుడు కొత్త మందు రాయలేదు. ప్రశ్నలు వేశాడు.

"ఈమధ్య ఏ ఊరైనా వెళ్లావా బాబూ? ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా? ఇంతవరకు ఏయే మాత్రలు వేసుకున్నావు?"

ఈ చివరి ప్రశ్నకు కారణం ఉంది. కొన్ని మందుల వల్లనే జ్వరం రావచ్చు. అంతేకాదు, రక్తం తీయకముందే యాంటీబయాటిక్ మాత్రలు వాడితే, రక్తంలోని బాక్టీరియా పరీక్షకు చిక్కకపోవచ్చు. దొంగను పట్టకుండా వేలిముద్రలు చెరిపివేసినట్లు అవుతుంది.

"ఇంట్లో పశువులు ఉన్నాయా?"

"మేకలు ఉన్నాయండీ. మొన్నీమధ్య ఒకటి నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. పాలు పిండగానే పచ్చివే తాగుతాను."

వైద్యునికి దారి దొరికింది. బ్రూసెల్లా అనే బాక్టీరియా అయి ఉండవచ్చునని ఊహించి, ప్రయోగశాలకు ఆ మాట రాసి పంపాడు. ఈ బాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది కనుక రక్తపు నమూనాను ఎక్కువ రోజులు ఉంచి చూడాలి. పరీక్షలో ఊహ నిజమని తేలింది. ఈ వ్యాధికి ఒకటికి మించిన మందులను కనీసం ఆరు వారాలు వాడాలి. రెండు రోజుల మాత్రలతో రాముకు ఎందుకు తగ్గలేదో ఇప్పుడు తెలిసింది కదా!

మాల్టా మేకలు

ఈ బాక్టీరియాను పట్టుకున్న కథ కూడా ఇటువంటిదే. మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవి అప్పుడు బ్రిటిష్‌వారి పాలనలో ఉండేది. అక్కడి సైనికులు నెలల తరబడి జ్వరంతో మంచం పట్టేవారు. 1887లో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఆ జ్వరంతో మరణించినవారి ప్లీహంలో ఈ సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించాడు. బ్రూసెల్లా అనే పేరు ఆయన పేరు నుంచే వచ్చింది.

అయితే అది మనుషులకు ఎక్కడి నుంచి వస్తున్నది? జవాబు దొరకడానికి 18 ఏళ్లు పట్టింది. 1905లో మాల్టా దేశీయుడైన థెమిస్టొక్లీస్ జామిట్ అనే వైద్యుడు మేకల రక్తాన్ని పరీక్షించాడు. పైకి ఆరోగ్యంగా కనిపించే మేకలే ఆ క్రిమిని మోస్తున్నాయి! వాటి పాలలో కూడా అది ఉన్నది. 1906లో సైనికులకు మేకపాలు ఇవ్వడం మానేశారు. వారిలో ఆ జ్వరం త్వరితంగా తగ్గిపోయింది.

మనం చేయగలిగింది

పాలు బాగా కాచి తాగండి. కాచితే ఈ బాక్టీరియా చనిపోతుంది. జ్వరం మూడు రోజులు దాటితే వైద్యునికి చూపించండి. మూర్ఛ, ఆయాసం, మగత, రక్తస్రావం ఉంటే ఒక్క రోజు కూడా ఆగవద్దు. తారీఖు, వేళ, జ్వరం డిగ్రీలు, వేసుకున్న మాత్ర పేరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వైద్యునికి ఆ కాగితం ఎంతో ఉపయోగపడుతుంది. సొంతంగా యాంటీబయాటిక్‌లు కొని వాడవద్దు.

ఆలోచించండి

1. జ్వరం వచ్చే ముందు ఒళ్లు వేడిగా ఉన్నా చలి ఎందుకు వేస్తుంది?
2. మేకలు ఆరోగ్యంగా కనిపించడం వల్ల మాల్టా వైద్యులు ఏ పొరపాటు పడి ఉంటారు?
3. మేకపాలు ఆపగానే జ్వరాలు తగ్గడం జామిట్ పరిశీలనకు ఏ విధంగా బలం చేకూర్చింది?