వజ్రం, ఫైబర్, మధ్యలో రంగు గొడవ: క్వాంటమ్ నెట్‌వర్క్‌లో అసలు చిక్కు

ఫోన్‌లో సరైన 5జీ బ్యాండ్ లేకపోతే టవర్ పక్కనే ఉన్నా సిగ్నల్ రాదు కదా. క్వాంటమ్ నెట్‌వర్క్‌లోనూ ఇలాంటి తంటానే ఉంది.

ఇక్కడ మెమరీగా నాకు బాగా నచ్చింది వజ్రం. అందులో పక్కపక్కన ఉన్న రెండు కార్బన్ పరమాణువులు పోయి, ఒకదాని చోట నైట్రోజన్, రెండోదాని చోట ఖాళీ ఉంటే దాన్ని ఎన్‌వీ సెంటర్ అంటారు. అక్కడి ఎలక్ట్రాన్ స్పిన్నే మన క్యూబిట్. సరైన లేజర్ పల్స్ కొడితే బయటికొచ్చే ఫోటాన్, ఆ స్పిన్‌తో ఎంటాంగిల్ అయి ఉంటుంది. కానీ ఇలా పనికొచ్చే ఫోటాన్లు వందలో మూడే! మిగతావి వజ్రంలోని కంపనాలకు కొంత శక్తి వదిలేసి రంగు మారిపోతాయి.

ఆ మూడూ 637 నానోమీటర్ల ఎరుపు రంగువి. ఫైబర్‌లో ఈ కాంతికి కిలోమీటరుకు సుమారు 8 డెసిబెల్స్ నష్టం. 10 కిలోమీటర్లకు 80. అంటే 10 కోట్ల ఫోటాన్లు పంపితే చేరేది ఒక్కటి అన్నమాట. అదే టెలికాం వాళ్ల 1550 దగ్గర కిలోమీటరుకు 0.2 డెసిబెల్సే, 10 కిలోమీటర్లు దాటాక కూడా వందలో 63 మిగులుతాయి. మధ్యలో యాంప్లిఫయర్ పెడదామా? కుదరదు, తెలియని క్వాంటమ్ స్థితిని కాపీ చేయలేం.

అందుకే రంగు మారుస్తారు. ఒక నాన్‌లీనియర్ క్రిస్టల్‌లోకి ఫోటాన్‌తో పాటు 1064 నానోమీటర్ల లేజర్ పంపుతారు. ఫోటాన్ శక్తిలో లేజర్ వాటా పోగా మిగిలేదే కొత్త ఫోటాన్. కాలిక్యులేటర్ తీసి 1/637 లోంచి 1/1064 తీసేసి, తిరగేయండి: దాదాపు 1587 వస్తుంది. టెలికాం బ్యాండే! ఎంటాంగిల్‌మెంట్ కూడా నిలుస్తుంది. కాకపోతే ఆ లేజర్ తన నాయిస్ కూడా తెస్తుంది, దాన్ని గట్టిగా ఫిల్టర్ చేయాలి.

2024లో డెల్ఫ్ట్ టీమ్ నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్, ది హేగ్ నగరాల్లో ఉన్న రెండు వజ్రాలను ఇలాగే కలిపింది. దూరం 10 కిలోమీటర్లు, ఫైబర్ 25. రెండు దారులూ మధ్య స్టేషన్‌లో కలుస్తాయి. అక్కడ డిటెక్టర్ క్లిక్ అయితే, ఫోటాన్ ఏ ఊరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. సరిగ్గా అందువల్లే రెండు స్పిన్‌లూ ఎంటాంగిల్ అవుతాయి.

నా ఓటు మాత్రం సిలికాన్-వేకెన్సీకి. హార్వర్డ్ టీమ్ అదే ఏడాది దీనితో బోస్టన్ ప్రాంతంలో 35 కిలోమీటర్ల ఫైబర్ మీద ఎంటాంగిల్‌మెంట్ చూపించింది. దాని కాంతిలో ఎక్కువ భాగం పనికొచ్చే రంగులోనే వస్తుంది. అయితే ఎన్‌వీకి 4 కెల్విన్ చాలు, దీన్ని 1 కెల్విన్ కంటే కిందికి చల్లబరచాలి. ఆ ఫ్రిజ్ ధర సంగతి వేరే చెప్పాలా!