ప్రవేశ పట్టిక నుండి మాధ్యమమును, తేదీని బట్టి లెక్క తీయు విధము

పూర్వము బడిలో చేరిన పిల్లల పేర్లు రిజిస్టరులో సిరాతో వ్రాయబడెడివి. నేడు అనేక పాఠశాలలలో అవి కంప్యూటరు పట్టికలలో చేరినవి. అట్టి పట్టికలను ప్రశ్నించు భాషలలో ముఖ్యమైనది ఎస్.క్యూ.ఎల్. 1970లో ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించిన సిద్ధాంతము దానికి మూలము. 1974లో ఐ.బి.ఎం. సంస్థయందు డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు దాని తొలిరూపమును వెలయించిరి.

ఇది మనకేల యని తల్లిదండ్రులు తలపవచ్చును. తరగతిలో 10 మందిగాని, బడి మొత్తమున 40 మందిగాని పిల్లలున్నచో వారి మాతృభాషలో బోధించుటకు ఒక ఉపాధ్యాయునైనను నియమింపవలెనని 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశము తీర్మానించెను. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. అల్పసంఖ్యాకులకు సంఖ్యయే ఆధారము. ఒక్క పేరు జారిన, పది తొమ్మిదియగును.

కర్ణాటకమునందలి ఒక బడి పట్టికలో నాలుగు పంక్తులున్నవనుకొందము. అన్నియు 2025వ సంవత్సరమునకు చెందినవే.

1. తెలుగు, జూన్ 2, ఉదయము 10 గంటలు
2. కన్నడము, జూన్ 9, ఉదయము 11 గంటలు
3. తెలుగు, జూన్ 30, ఉదయము 11 గంటలు
4. తెలుగు, జూలై 1, ఉదయము 10 గంటలు

జూన్ 2 మొదలు 30 వరకు తెలుగు మాధ్యమమున చేరినవారెందరు? 'వేర్' అను పదము తరువాత షరతులు వ్రాయవలెను. రెండు షరతులును నెరవేరవలెనన్నచో నడుమ 'యాండ్' ఉంచవలెను. తేదీల మేరకు 'బిట్వీన్' అను పదము కలదు. అది రెండు కొనలను కలుపుకొనును. అయినను ఇచ్చట ఒక చిక్కు కలదు. గడిలో తేదీతోపాటు గంటయు నున్నచో, వట్టి 'జూన్ 30' అనగా ఆ దినము ప్రారంభమగు అర్ధరాత్రి యని యంత్రము గ్రహించును. కావున 11 గంటలకు చేరిన మూడవ బిడ్డ లెక్కకు రాదు. రెండు రావలసినచోట ఒకటి వచ్చును. దీనికి మందు: 'జూన్ 2 లేక తరువాత, జూలై 1 కంటె ముందు' అని అడుగుట.

రెండవ చిక్కు 'ఆర్' అను పదముతో వచ్చును. 'తెలుగు ఆర్ కన్నడము యాండ్ జూన్' అను రీతిని వ్రాసినచో, యంత్రము 'యాండ్'ను ముందు ముడివేయును. తేదీ షరతు కన్నడమునకే అంటును. తెలుగువారు ఏ తేదీవారైనను వచ్చెదరు. మూడు రావలసినచోట నాలుగు వచ్చును. భాషల రెండు షరతులను కుండలీకరణములలో బంధించిన దోషము తొలగును.

కావున తల్లిదండ్రులు బడి లెక్కను చూచునప్పుడు మొత్తముతో తృప్తిపడక, పేర్ల జాబితాను కోరవలెను. మొదటి దినమునను, చివరి దినమునను చేరిన పిల్లల పేర్లు అందున్నవో లేవో చూడవలెను. యంత్రము అడిగినదానికే బదులు చెప్పును. సరిగా అడుగుట మన పని.