గోకరకాయ కూరలో జిగురు

పప్పు ముద్దయి కూరంతా జిగురుకట్టిందని చిరంజీవి స్టవ్వును తప్పుపట్టడం న్యాయం కాదు. అరగంట నానితే సరిపోయే పెసరపప్పును రాత్రంతా నీళ్లలో వదిలేసి, పొద్దున్నే కాయతో కలిపి మూతపెట్టి ఉడికిస్తే ఏ పొయ్యి మీదైనా జరిగేది అదే. పప్పును విడిగా ఉడికించి, గింజను వేళ్ల మధ్య నొక్కితే అంచు మెత్తగా, నడుమ కొంచెం గట్టిగా తగిలే దశలో, అంటే పలుకుగా ఉన్నప్పుడే వార్చుకోవాలి.

అయితే జిగురులో పప్పు వాటా కొంతే. గోరుచిక్కుడు అని కూడా పిలిచే గోకరకాయ నల్లగొండ, పాలమూరు చల్కల్లో, అంటే నీరు నిలవని తేలికపాటి ఎర్రనేలల్లో, కొద్దిపాటి వానకే కాస్తుంది. కాయ ముదిరేకొద్దీ గింజలో బంక పేరుకుంటుంది. ఐస్‌క్రీమును చిక్కబరచడానికీ, చమురు బావుల పనికీ వాడే గోరు బంక ఈ మొక్క గింజల నుంచి తీసేదే. అమెరికా షేల్ బావుల గిరాకీ వల్ల 2012లో దాని ధర ఆకాశాన్నంటింది. అటువంటి ముదురు కాయలను సంచినిండా తెచ్చి పొయ్యిని నిందించడం చదువుకున్న పిల్లకు తగదు. వంచితే పుటుక్కున విరిగే లేత కాయలనే ఏరి, ఈనెలు తీసి, ఉప్పునీళ్లలో ఉడికించి వార్చాలి.

పోపు సంగతి చిరంజీవికి చెప్పనక్కరలేదు, కొబ్బరి సంగతే చెప్పాలి. కోనసీమలో తోట పక్కనే ఉంటుంది గనుక పచ్చికొబ్బరి కోరు వేస్తారు, అక్కడికి అది చెల్లుతుంది. కానీ అందులో సగానికి దగ్గరగా నీరే ఉండటం వల్ల పొడికూర చెమ్మగిల్లుతుంది. కుడుకలో, అంటే ఎండుకొబ్బరి చిప్పలో, నీరు బహుస్వల్పం, నూనె సగానికి పైనే. కర్ణాటకలోని తిపటూరు ప్రాంతంలో కాయలను పీచుతోనే అటకమీద నెలల తరబడి ఆరబెట్టి గుండు కొబ్బరి తీస్తారు. చిప్ప లోపల దానంతటదే ఎండిన ఆ కొబ్బరికి కమ్మదనం ఎక్కువ.

కుడుకను సన్నగా తరిగి, ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఎల్లిగడ్డతో రోట్లో బరకగా దంచాలి. మిక్సీలో తిప్పుతూ పోతే నూనె వదిలి ఉండకట్టేస్తుంది. ఈ పొడిని స్టవ్వు ఆర్పిన తరువాతే చల్లాలి, ఎందుకంటే మంట మీద కొబ్బరి క్షణాల్లో మాడి చేదెక్కుతుంది, ఎల్లిగడ్డ వాసన పోతుంది. మధ్యాహ్నం దాకా డబ్బాలో ఉండవలసిన కూరలో, అందులోనూ పాలమూరు ఎండల్లో, పచ్చికొబ్బరి పులిసిపోతుంది, కుడుకకు ఆ భయం లేదు. పావుకిలో కాయకు గుప్పెడు పప్పు, అర కుడుక మించకుండా ఈ ఆదివారం మళ్లీ వండి, జొన్నరొట్టెతో తిని చూసి, ఎలా వచ్చిందో చిరంజీవి ఉత్తరం రాయాలి.