నల్లమలకి ఈసారి నింపాదిగా వెళ్దాం

శ్రీశైలం ఎన్నిసార్లు వెళ్లొచ్చావంటే వేళ్లు ముడిచి లెక్కపెడతాం. అక్కడ ఏం చూశావంటే మాత్రం తడుముకుంటాం. అవునా, కాదా చెప్పు చెల్లీ! తెల్లారకముందే లేచి పులిహోర కలిపి, నిద్రమత్తులో ఉన్న పిల్లల్ని కారెక్కించి, దారి పొడుగునా ఎవరికి దాహమేస్తోంది, ఎవరికి కడుపులో తిప్పుతోంది అని చూసుకుంటూనే కొండెక్కుతాం. క్యూ, దర్శనం, ప్రసాదం. ఆ తర్వాత అడవి గేట్లు వేసేస్తారని ఒకటే పరుగు. ఇంటికొచ్చాక అందరూ భలే ఉందంటారు. మనకి మాత్రం నడుం నొప్పే మిగులుతుంది. ఈసారి అలా వద్దు. ఇలా కూర్చో, టీ చల్లారకముందే తాగు. నల్లమల యాత్రని నువ్వు కూడా కళ్లారా చూసేలా ఎలా అమర్చుకోవాలో తీరిగ్గా మాట్లాడుకుందాం.

ముందుగా, పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరాలన్న పట్టుదల వదిలెయ్. హైదరాబాద్ నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక మిగతాదంతా దాదాపు అడవే, చివర్లో ఘాట్ మలుపులు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ దారిన బండ్లు వదలరు. దోర్నాల వైపు నుంచి వచ్చేవాళ్లకీ రాత్రి గేట్లు ఉంటాయి. కృష్ణకి ఇటు తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం, అటు ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. రాష్ట్రం రెండు కాకముందు ఇదంతా ఒకే అభయారణ్యం. చీకట్లో రోడ్డు దాటే జంతువులు చక్రాల కింద పడకూడదనే ఆ గేట్లు. గేటు దగ్గర బతిమాలుకునే పని పెట్టుకోకుండా, రెండు రాత్రులు ఉండేలా బయలుదేరితే సగం ఆందోళన అక్కడే తీరిపోతుంది.

గది దొరుకుతుందో లేదోనని బెంగ కదూ? దేవస్థానం సత్రాలున్నాయి, టూరిజం వాళ్ల హోటలుంది. ముందే బుక్ చేసుకో. దేవస్థానం పేరుతో దొంగ వెబ్‌సైట్లు కూడా ఉంటాయి, డబ్బు కట్టేముందు అసలుదో కాదో ఒకటికి రెండుసార్లు చూసుకో. శివరాత్రి, కార్తీక సోమవారాలు, ఉగాది ముందు రోజుల్లో కొండ కిటకిటలాడుతుంది. ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది భక్తులు అడవిలో కాలినడకన వస్తారు. శివరాత్రి నాడైతే చీరాల నేతన్న నెలల తరబడి నేసిన పాగాని, దీపాలన్నీ ఆర్పేసిన చీకట్లో, స్వామివారి విమానానికి చుడతారు. చూడాల్సిన ఘట్టమే. కానీ చంకలో పిల్లతో, చేయి పట్టుకున్న పెద్దావిడతో ఆ జనంలోకి వద్దు. వానలు తగ్గాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏదైనా మామూలు వారం చూసుకో. అడవి పచ్చగా ఉంటుంది, ఎండ మాడ్చదు.

ఘాట్‌లో వాంతుల సంగతి. ఖాళీ కడుపుతో తీసుకెళ్తే రావనుకుంటాం, అది పొరపాటు. రెండు ఇడ్లీలు పెట్టి, గంట ఆగి బయలుదేరు. తల తిరిగే పిల్లని అద్దంలోంచి ముందుకు చూసేలా కూర్చోబెట్టు, చేతిలో ఫోన్ ఉండకూడదు. మాత్ర అవసరమైతే మీ డాక్టర్ని అడిగి తెచ్చుకో. మన్ననూరులోనో, అంతకు ముందు డిండిలోనో ఆగి అందరూ బాత్రూముకి వెళ్లి రావాలి, నాకు అక్కర్లేదు అన్నవాళ్లు కూడా. పెట్రోలు అక్కడే పోయించు. అడవిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి మీ అమ్మకి ముందే ఒక మాట చెప్పి పెట్టు, లేకపోతే అక్కడ ఆవిడ కంగారు పడుతుంది. చేతిలో కాస్త నగదు ఉండనీ.

ఇక మొదటి రోజు. శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు కదా? తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. హైదరాబాద్ వైపు నుంచి వెళ్లేవాళ్లకి ఆ ఉత్తర ద్వారం దారికి దగ్గర్లోనే, అచ్చంపేట పక్కన రంగాపూర్ కొండ మీద ఉంటుంది. పెద్ద రాతి చరియ కింద గుడి, బండల్లోంచి ఊరే నీరు. అక్కడ ఓ గంట కూర్చుంటే పట్నం హడావిడి ఒంట్లోంచి దిగిపోతుంది. ఆ తర్వాత అడవిలో వటవర్లపల్లి దగ్గర పక్కకి తిరిగితే మల్లెలతీర్థం జలపాతం. కిందికి మూడు వందలకు పైగా మెట్లున్నాయి. మరి అత్తయ్య మోకాళ్ల సంగతేంటి? ఆవిడ పైనే నీడలో కూర్చుంటారు. ఆవిడ దగ్గర ఎవరుండాలి అన్న ప్రశ్నకి ప్రతిసారీ జవాబు నువ్వే అవుతావు చూడు, అక్కడ తిప్పాలి మనం! మొదట నువ్వూ పిల్లలూ దిగండి, మీ ఆయన అత్తయ్య దగ్గర ఉంటాడు. మీరు పైకొచ్చాక ఆయన వెళ్తాడు. వాళ్లమ్మే కదా, ఇద్దరూ కాసేపు కబుర్లు చెప్పుకుంటారు. నీళ్ల దగ్గర బండలు పాచిపట్టి జారతాయి, పిల్లల చేయి మాత్రం వదలకు.

పులి వస్తుందేమో అని గుండెల్లో గుబులుందా? ఉంటుంది, సహజమే. కానీ పులికి మన ముఖం చూడాలన్న సరదా లేదు. రోడ్డు మీద ఎక్కడపడితే అక్కడ బండి ఆపి అడవిలోకి నడవకుండా ఉంటే చాలు. నిజంగా అడవి చూడాలంటే ఫరహాబాద్ దగ్గర అటవీశాఖ వాళ్ల సఫారీ ఉంది. నిజాం కాలంలో వేటకీ వేసవి విడిదికీ వెళ్లిన చోటది. ఇప్పుడు తుపాకీ బదులు బైనాక్యులర్స్‌తో వెళ్తున్నాం, ఎంత మంచి మార్పు! వానాకాలంలో సఫారీ మూసేస్తారు, కనుక్కుని వెళ్లు. పులి కనిపిస్తుందని పిల్లలకి మాటివ్వకు, కనిపించకపోతే మొహం మాడ్చుకుంటారు. చుక్కల దుప్పి, కొండముచ్చు, నెమలి, మద్దిచెట్టు, ఇప్పచెట్టు అని ఒక చిన్న జాబితా రాసిచ్చి, ఎవరు ముందు పోల్చుకుంటారో చూద్దామను. వెనక్కి తిరిగే దాకా వాళ్లు ఫోన్ అడిగితే నన్నడుగు.

రెండో రోజు గుడికి. శ్రీశైలంలో ధూళి దర్శనం అని ఒక మర్యాద ఉంది. దూరం నుంచి నడిచొచ్చిన వాళ్లు కాళ్ల దుమ్ముతోనే స్వామిని చూసుకోవచ్చు. అలసిపోయి, ముఖం వాడిపోయి ఉన్నా లోపలికి రమ్మనే దేవుడు, ఇంతకన్నా ఏం కావాలి మనకి? స్పర్శ దర్శనానికి మాత్రం మగవాళ్లకి పంచె, మనకి చీరో చుడీదారో కావాలి, సంచిలో పైన పెట్టుకో. దర్శనం అయిపోగానే చెప్పుల కోసం పరిగెత్తకు. ప్రాకారం గోడకి బయటివైపున, పొడుగునా శిల్పాలున్నాయి. ఏనుగులు, గుర్రాలు, వేటలు, శివకథలు, భక్త కన్నప్ప. పొద్దున్నే ఎండ ముదరకముందు ఆ గోడ పక్కన నడుస్తూ పిల్లలకి ఒక్కో కథా చెప్పు. ఉత్తర గోపురం ఛత్రపతి శివాజీ పేరుతో చెబుతారు. ఆయన 1677లో దక్షిణాదికి వచ్చినప్పుడు ఇక్కడ ఆగాడు.

ఒక్కోసారి తేదీ లెక్క తప్పి, అక్కడికి వెళ్లాక నెలసరి వస్తుంది. ఎంత దిగులుగా ఉంటుందో నాకు తెలుసు. గుడిలోకి వెళ్లడానికి మనసు ఒప్పకపోతే వెళ్లకు, కానీ గదిలో ముసుగేసుకుని పడుకోకు. గోడ మీద శిల్పాలు బయటి నుంచే కనిపిస్తాయి. నది ఉంది, అడవి ఉంది. గుడికి దగ్గర్లోనే ఘంటామఠం, విభూతి మఠం, రుద్రాక్ష మఠం, భీమశంకర మఠం, సారంగధర మఠం అని పంచమఠాలున్నాయి. పాత రాతి కట్టడాలు, జనం పలచగా ఉంటారు. వాటి చుట్టూ తిరిగిరా. ప్యాడ్లు, ఒక నొప్పి మాత్ర, నల్ల పేపరు కవర్లు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకో.

సాయంత్రం పాతాళగంగ. కృష్ణ లోతుగా, కొండల మధ్య ఇరుగ్గా పారే చోటది. అన్ని మెట్లు దిగి ఎక్కడమంటే పెద్దవాళ్లకి కష్టమే. రోప్‌వే ఉంది, ఆ రోజు నడుస్తోందో లేదో కనుక్కో. కొండకి మెట్లు కట్టించినవాళ్లలో రెడ్డిరాజు ప్రోలయ వేముడు ఉన్నాడు. ఆ తర్వాత, 1393లో, హరిహరరాయల రాణి విఠలాంబ పాతాళగంగకి మెట్లు కట్టించింది. ఆరు వందల ఏళ్ల కిందట ఒక ఆడమనిషి, ఎవరెవరో ముక్కూమొహం తెలియని యాత్రికుల పాదాల గురించి ఆలోచించింది! ఆ మెట్లు దిగలేకపోయినా, పైనుంచి చూస్తూ అత్తయ్యకి ఆ సంగతి చెప్పు. ఆవిడ ఎంత సంతోషిస్తారో. వీలు చూసుకుని సాక్షి గణపతి దగ్గర అందరి పేర్లూ గోత్రాలూ చెప్పించు, శిఖరేశ్వరంలో నంది మీద నువ్వులు వేసి కొమ్ముల మధ్య నుంచి గోపురం వెతికించు. పిల్లలకి ఇది ఆటలా ఉంటుంది, పెద్దలకి పుణ్యంలా.

మూడో రోజు ఒక్కటే ఎంచుకో. రెండూ చూసేద్దామంటే మళ్లీ పరుగే. ఒకటి, పడవలో వెళ్లే అక్కమహాదేవి గుహలు. 12వ శతాబ్దంలో కన్నడ వచనాలు చెప్పిన ఆ తల్లి, రాజును కాదని, మల్లికార్జునుడే నా భర్త అంటూ ఒంటరిగా ఈ కదళీవనం చేరింది. గుహలో లింగం దాకా వెళ్లే దారి చీకటి, ఇరుకు, వంగి నడవాలి. ఇరుకులో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు బయట కూర్చున్నా ఏమీ తక్కువ కాదు. ఆవిడ ధైర్యం తలుచుకుంటే చాలు. నీటిమట్టాన్ని బట్టి పడవలు నడుస్తాయి, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. రెండోది, అడవి లోపల ఇష్టకామేశ్వరి. అమ్మవారి నుదుట బొట్టు పెడితే మెత్తగా మనిషి చర్మంలా తగులుతుందని భక్తుల మాట. దారంతా రాళ్లు, గుంతలు, జీపు మనల్ని ఎగరేసి కుదేస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లు, నడుం నొప్పి ఉన్నవాళ్లు వెళ్లనే వద్దు. ఇది నా మాటగా గట్టిగా చెబుతున్నా, అమ్మవారు ఏమీ అనుకోదు.

ఇంకో మాట మనసులో పెట్టుకో. ఈ అడవి చెంచుల ఇల్లు. మల్లన్నని అల్లుడిగా చెప్పుకునే వాళ్లు. పులుల్ని కాపాడే పనిలో అటవీశాఖ పక్కన నడిచేవాళ్లలో ఎంతోమంది చెంచులే. వాళ్ల పెంటల్లోకి, అంటే గూడేల్లోకి, కెమెరాలు పట్టుకుని దూరితే ఎలా ఉంటుంది? మన వంటింట్లోకి తెలియనివాళ్లు వచ్చి ఫొటోలు తీస్తే మనకి ఎలా ఉంటుందో, అలాగే. అడిగి, నవ్వి, సరే అంటేనే తీద్దాం. శ్రీశైలంలో చెంచులక్ష్మి మ్యూజియం ఉంది, వాళ్ల బతుకు గురించి పిల్లలకి అక్కడ చూపించు. తేనె కొనాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొను, అసలుదేనన్న నమ్మకం ఉంటుంది, డబ్బు చేరాల్సిన చేతికి చేరుతుంది. కోతులకి అరటిపండ్లు విసరొద్దు. తిండి ఆశతో రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడుతున్నాయి. ప్లాస్టిక్ సీసాలు వద్దు, స్టీలు సీసాలు నింపుకుందాం. మిగిలిన చెత్త ఒక సంచిలో వేసి ఊరికి తెచ్చి పారేద్దాం.

ఆగస్టులో డ్యామ్ గేట్లు ఎత్తారని వినగానే మనసు లాగుతుంది. 12 గేట్లలోంచి నీళ్లు దూకుతుంటే చూడాలని ఎవరికుండదు? కానీ ఆ రోజుల్లో ఘాట్ మీద బండ్లు గంటల తరబడి నిలిచిపోతాయి. సెలవురోజు కాకుండా చూసుకుని, నీళ్లూ బిస్కెట్లూ ఎక్కువే పెట్టుకుని వెళ్లు, మలుపుల్లో దిగి సెల్ఫీలు వద్దు. ఆ జలాశయం కింద వందకి పైగా ఊళ్లు మునిగాయని, మన పొలాలకీ ఇంట్లో దీపానికీ వాళ్లు ఊరొదిలారని పిల్లలకి చెప్పడం మరిచిపోకు.

సరే, ఇప్పుడు చెయ్యాల్సిన పని. ఈ రాత్రి భోజనాలయ్యాక అందర్నీ కూర్చోబెట్టు. తేదీ ఒకరు చూడాలి, గది ఇంకొకరు బుక్ చెయ్యాలి, బండీ పెట్రోలూ ఆయన చూసుకుంటారు, తమ బట్టలు తామే సర్దుకునేంత పెద్దవాళ్లే పిల్లలు. పులిహోర ఒక్క పూటకే కలుపు, మిగతా పూటలు అక్కడి అన్నదానంలోనో హోటల్లోనో తిందాం. వెనక సీట్లో కిటికీ పక్క చోటు నాదీ అని ఇవాళే చెప్పెయ్. ఎవరూ కాదనరు, నువ్వు అడగలేదంతే. వెళ్లొచ్చాక ఏం చూశావని నేను అడుగుతాను. ఈసారి జవాబు పొడుగ్గా ఉండాలి, సరేనా?